వేడికి కళ్ళెము: థెర్మోస్టాటు కథ

కర్నూలు నుండి చిత్తూరు వైపు పోవు 40వ నంబరు జాతీయ రహదారి నంద్యాల, ఆళ్ళగడ్డల మీదుగా కడపకు సాగును. తూర్పున నల్లమల, పడమట ఎర్రమల, నడుమ కుందేరు పారు నల్లరేగడి నేల. ఏప్రిల్, మే నెలలలో ఇచ్చట ఉష్ణోగ్రత 44 సెంటిగ్రేడు డిగ్రీలు దాటుట అరుదు కాదు. ఇట్టి ఊళ్ళలో నివసించు మనకు, వేడిని పుట్టించి దానిని అదుపులో నుంచు యంత్రమును గురించి చదువుట వింతగా తోచవచ్చును. చలిదేశముల వారు మోటారు బండిలోనే ఇల్లు అమర్చుకొని, అందొక హీటరు పెట్టుకొని ఊరూరు తిరుగుదురు. ఆ హీటరు చెడిపోయినచో బాధ వారిది; మనకేమి?

కాని ఈ రహదారి పక్కనున్న మోటారు షెడ్డులలో ఒక మాట తరచు వినబడును. "మన ఎండలకు ఇంజన్లో థెర్మోస్టాట్ ఎందుకన్నా? తీసేద్దాం." లారీ తోలువాడు తల ఊపును, మెకానిక్కు ఆ చిన్న ఇత్తడి సామానును తీసి అవతల పెట్టును, బండి సాగిపోవును. ఈ మాటలో నిజమెంత? దీనికి జవాబు చెప్పవలెనన్న థెర్మోస్టాటు అనగా నేమో, అది ఎట్లు పుట్టినదో తెలిసికొనవలెను. ఆ చరిత్ర తెలిసినచో ఇంజనులోని థెర్మోస్టాటునకును, మోటారు ఇంటిలోని హీటరునకును వచ్చు రోగములను కూడ మనమే కనిపెట్టగలము.

మూడు పనులు

వేడిని అదుపులో నుంచుట యన్న మూడు పనులు కలవు. వేడి ఎంత యున్నదో తెలిసికొనుట మొదటిది. అది చాలునా, చాలదా, మించినదా అని నిర్ణయించుట రెండవది. ఆ నిర్ణయము ప్రకారము మంటను పెంచుటయో తగ్గించుటయో మూడవది. ఈ మూడును వేరు వేరు పనులు. పాఠకులు ఈ సంగతిని గుర్తుంచుకొనవలెను. మన కథ యంతయు దీని చుట్టే తిరుగును.

మొదట ఈ మూడు పనులను మనిషే చేసెడివాడు. ఆళ్ళగడ్డ శిల్పులకు ప్రసిద్ధి. శిల్పి చేతి ఉక్కు ఉలి మొన గట్టిగా నుండవలెను, కాని పెళుసు కారాదు. అందులకై దానిని కొలిమిలో కాచి, నీటిలో ముంచి, మరల కొద్దిగా వేడి చేయుదురు. అప్పుడు మెరుగుపెట్టిన ఉక్కు మీద రంగులు పుట్టును. సుమారు 230 డిగ్రీల వద్ద గడ్డి పసుపు, 300 డిగ్రీల దరిదాపుల నీలము. ఏ రంగు వద్ద ఆపవలెనో పనివాని కంటికి తెలియును. అతని కన్నే ఉష్ణమాపకము, అతని అనుభవమే నిర్ణయము, తిత్తి నూదు చేయియే మూడవ పని. నేడు కార్బైడు మొనల ఉలులు వచ్చినను ఈ విద్య నశింపలేదు.

వేడిని తగ్గించుటలోను ఇంతే. సర్ థామస్ మన్రో 1800 నుండి 1807 వరకు దత్తమండలముల ప్రధాన కలెక్టరుగా నుండెను. కోయిలకుంట్ల సీమ కూడ అందులోనిదే. నాటి అధికారుల కాపురము చాల భాగము డేరాలలోనే గడచెడిది. ఒక విధముగా అవి ఆనాటి కదలెడి ఇండ్లు. వేసవిలో అట్టివారు తలుపులకు వట్టివేళ్ళ తడికలు కట్టించి, వాటి మీద నీళ్ళు చల్లించెడివారు. నీరు ఆవిరి యగునప్పుడు గాలిలోని వేడిని గ్రహించును గనుక లోనికి వచ్చు గాలి చల్లబడెడిది. అయితే నీళ్ళు చల్లు మనిషి కునికినచో చల్లదనమును పోయెడిది. కునుకు పట్టని కావలివాడు కావలెను. ఆ కావలివాడే థెర్మోస్టాటు.

కోడిగ్రుడ్లు నేర్పిన పాఠము

అట్టి కావలివానిని మొదట తయారు చేసిన కీర్తి హాలెండు దేశీయుడగు కార్నెలిస్ డ్రెబ్బెల్ అను నతనిది. ఇతడు 1572లో ఆల్క్‌మార్ పట్టణమున జన్మించి, ఇంగ్లండు రాజాశ్రయమున పని చేసి, 1633లో లండనులో మరణించెను. థేమ్సు నదిలో నీటి అడుగున పోవు పడవను నడిపించిన ఘనుడు కూడ ఇతడే.

కోడిపెట్ట లేకుండ గ్రుడ్లను పొదిగింపవలెనని డ్రెబ్బెల్ సంకల్పము. పెట్ట పొదుగుచున్నప్పుడు గ్రుడ్లకు సుమారు 37 డిగ్రీల వేడి తగులును. రెండు మూడు డిగ్రీలు మించినను, చాల సేపు తగ్గినను పిల్ల చచ్చును. ఇరువది యొక్క దినములు రాత్రింబగళ్ళు ఒక మనిషి మంట ముందు కూర్చుండుట ఎట్లు? అందుచే నతడు గ్రుడ్ల పెట్టెకు రెండు గోడలు కట్టి వాటి నడుమ నీరు నింపెను. ఆ నీటిలో సారాయి నింపిన గాజు పాత్రను ఉంచెను. పాత్రకు చేర్చిన వంపు గొట్టములో పాదరసము పోసెను. పెట్టె వేడెక్కినచో సారాయి వ్యాకోచించి పాదరసమును నెట్టును. పాదరసము ఒక కడ్డీని పైకి లేపును. కడ్డీ పొగగూటి మూతను మూయును. గాలి ఆడక మంట తగ్గును. చల్లబడినచో ఇదంతయు తిరుగబడి మంట పెరుగును.

ఇందులోని గొప్పతనము గమనింపుడు. సారాయి తెలిసికొనును, కడ్డీ పొడవు నిర్ణయించును, మూత పని చేయును. మనిషి ఎచ్చటను లేడు. చేసిన పని ఫలితము మరల యంత్రమునకే తెలియును. అది తన పనిని తానే దిద్దుకొనును. నేటి ఇంజనీర్లు దీనిని పునర్నివేశము అందురు. నేటి రాకెట్లను నడుపుటలోను ఈ సూత్రమే యున్నది.

రెండు రేకుల పోరు

డ్రెబ్బెల్ యంత్రము గాజుది, పాదరసముది, కదలించినచో చెడును. తరువాతి మెట్టు మరొక త్రోవలో వచ్చినది. సముద్రము మీద రేఖాంశము కనుగొనుటకు పొరపాటులేని గడియారము కావలసి యుండెను. ఇంగ్లండులో జాన్ హారిసన్ అను వడ్రంగి అందులకై జీవితము ధారపోసెను. 1740లో ప్రారంభించిన తన మూడవ గడియారముతో అతడు పందొమ్మిది సంవత్సరములు కుస్తీ పట్టెను. వేడి చలి మార్పులకు గడియారము నడక మారకుండుటకై ఇత్తడి రేకును, ఉక్కు రేకును కలిపి బిగించిన పట్టీని అందులో నమర్చెను.

మీటరు పొడవు గల ఇత్తడి కడ్డీని 100 డిగ్రీలు వేడి చేసినచో సుమారు 1.9 మిల్లీమీటర్లు పొడవు పెరుగును. ఉక్కు కడ్డీ సుమారు 1.2 మిల్లీమీటర్లు మాత్రమే పెరుగును. తేడా ముల్లు మొనంత. కాని రెండింటిని అంటించినచో పొడవైన ఇత్తడి పొట్టిదగు ఉక్కును లాగలేక, పట్టీ మొత్తము ఉక్కు వైపునకు వంగును. కంటికి కానరాని తేడా ఇట్లు కంటికి కనబడు వంపుగా మారును. పలుచని అల్యూమినియం రేకుకు కాగితము అంటించి, సన్నని పట్టీగా కత్తిరించి, దీపమునకు తగిలీ తగులకుండ పట్టినచో అది కాగితము వైపునకు చుట్టుకొనుట తరగతిలోనే చూపవచ్చును.

18వ శతాబ్దము చివర ఫ్రాన్సులో బొన్‌మెన్ అను నతడు సీసపు గొట్టములో ఇనుప కడ్డీని అమర్చి, వాటి వ్యాకోచముల తేడాతో వేడినీటి పొయ్యి మూతను నడిపించెను. ఇతడును కోడిపిల్లల కొరకే పాటుపడెను. 1830లో స్కాట్లండు రసాయన శాస్త్రజ్ఞుడు ఆండ్రూ యూర్ రెండు లోహముల పట్టీతో వేడిని అదుపు చేయు పరికరమునకు పేటెంటు పొంది, దానికి థెర్మోస్టాటు అని పేరు పెట్టెను. గ్రీకు భాషలో థెర్మోస్ అనగా వేడి. స్టాటోస్ అనగా నిలిచినది. తెలుగులో తాపస్థాపకము అనవచ్చును.

ఒక ఉపాధ్యాయుని విసుగు

తరువాతి ఘట్టము మన ఉపాధ్యాయులకు ప్రీతికరము. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రమున వైట్‌వాటర్ అను ఊరి ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో వారెన్ జాన్సన్ అను ఆచార్యుడుండెను. చలికాలమున కట్టడము అడుగున పొయ్యి మండుచుండెడిది. గదుల వేడి ఎట్లున్నదో చూచుటకు నౌకరు పాఠము నడుచుచుండగా లోనికి వచ్చి, చూచి, మరల క్రిందికి దిగి మూతలు సవరించెడివాడు. ఈ అంతరాయమునకు విసిగి జాన్సన్ గదిలో నొక థెర్మోస్టాటు పెట్టి, దానిని తీగతో క్రింది గంటకు కలిపెను. గది చల్లబడినను వేడెక్కినను గంట మ్రోగును. నౌకరు మూత సవరించును. 1883లో దీనికి పేటెంటు లభించెను. మూడు పనులలో రెండు యంత్రమునకు వచ్చినవి. మూడవది ఇంకను నౌకరు చేతిలోనే యుండెను.

ఆ మూడవ పనిని మిన్నియాపొలిస్ నగరమున ఆల్బర్ట్ బట్జ్ 1885-86లలో యంత్రమునకు అప్పగించెను. గది చల్లబడగానే థెర్మోస్టాటు విద్యుద్వలయమును కలుపును; చిన్న మోటారు తిరిగి పొయ్యి మూతను ఎత్తును. 1906లో మార్క్ హనీవెల్ దీనికి గడియారమును జోడించెను. రాత్రి వేడి తగ్గించి తెల్లవారుసరికి పెంచుట దీనితో సాధ్యమైనది.

అయినను ఒక చిక్కు మిగిలెను. గది తగినంత వేడెక్కి థెర్మోస్టాటు వలయమును తెంపినను, పొయ్యిలోను గొట్టములలోను మిగిలిన వేడి గదిలోనికి వచ్చుచునే యుండును. కావలసినదాని కంటె గది మించిపోవును. అందుచే థెర్మోస్టాటులోనే చిటికెడు వేడి పుట్టించు సన్నని నిరోధక తీగను అమర్చిరి. పొయ్యి మండునంతసేపు ఈ తీగ రేకును కొద్దిగా వేడి చేయును. రేకు గది కంటె ముందే వేడెక్కి, ముందుగానే పొయ్యిని ఆపును. అన్నము కుతకుతలాడుచుండగానే ఇల్లాలు పొయ్యి తగ్గించుట ఇట్టిదే.

ఇంజనులోని మైనము

ఇప్పుడు నంద్యాల రహదారికి తిరిగి వత్తము. మోటారు ఇంజనులో పెట్రోలు లేదా డీజిలు మండగా పుట్టు వేడిలో కొంత భాగమును నీరు మోసికొని పోయి రేడియేటరులో విడుచును. ఇంజను మరీ వేడెక్కరాదు, మరీ చల్లగాను ఉండరాదు. తొలి థెర్మోస్టాటులలో ముడతలు ముడతలుగా నుండు పలుచని లోహపు డబ్బీ యుండెడిది. ఇట్టి డబ్బీని 20వ శతాబ్దారంభమున వెస్టన్ ఫుల్టన్ అను అమెరికా వాతావరణ శాఖ ఉద్యోగి రూపొందించెను. రేడియేటరులో నీటి పీడనమును పెంచు మూతలు వచ్చిన తరువాత ఆ పీడనమునకే డబ్బీ నొక్కుకొని పోవుచుండెను. 1930లలో సెర్గియస్ వెర్నే అను నతడు దాని బదులు మైనమును వాడెను. ఇత్తడి గిన్నెలో రాగి పొడి కలిపిన మైనము. దాని మీద రబ్బరు పొర. ఆ పొరలో ఒక కడ్డీ. సుమారు 82 డిగ్రీల వద్ద మైనము కరగి ఉబ్బును. ఆ ఉబ్బు కవాటమును తెరచును. నేటి లారీలోను, బస్సులోను సాధారణముగా నుండునది ఇదే.

"మన ఎండలకు ఎందుకన్నా" అను ప్రశ్నకు ఇప్పుడు లెక్క చూతము. రేడియేటరు విడుచు వేడి, నీటికిని బయటి గాలికిని గల ఉష్ణోగ్రతల తేడాను బట్టి యుండును. మే నెల మధ్యాహ్నము గాలి 44 డిగ్రీలు, నీరు 82 డిగ్రీలు, తేడా 38. డిసెంబరు తెల్లవారుజామున గాలి 17 డిగ్రీలు అనుకొందము; తేడా 65. అనగా మే నెలకు సరిపోవునట్లు చేసిన రేడియేటరు డిసెంబరులో ఒకటిన్నర రెట్లకు పైగా వేడిని పోగొట్టును. ఎండల దేశమునకు పెద్ద రేడియేటరు కావలెను. పెద్ద రేడియేటరు ఉన్నచో చల్లని వేళలలో దానిని అదుపు చేయు కావలివాడును కావలెను.

థెర్మోస్టాటు తీసినచో ఇంజను వేడెక్కుటకు చాల సేపు పట్టును. చల్లని గోడల మీద ఇంధనము పూర్తిగా మండదు, నీటి ఆవిరి నూనెలో కలిసి జిడ్డు మడ్డి యగును, అరుగుదల హెచ్చును. మరియొక చిత్రము కలదు. అనేక ఇంజనులలో థెర్మోస్టాటు తెరచుకొనునప్పుడు రేడియేటరు దారి తెరచి, పక్కదారిని మూయును. దానిని తీసినచో పక్కదారి ఎల్లప్పుడు తెరచియే యుండి, నీటిలో కొంత భాగము రేడియేటరునకు పోకుండగనే ఇంజనుకు తిరిగి వచ్చును. అనగా వేడి తగ్గుటకై చేసిన పని, నిండు బరువుతో ఘాటు ఎక్కునప్పుడు వేడిని పెంచవచ్చును.

మెకానిక్కు మాటలో నిజము లేకపోలేదు. మూసికొని పట్టుకొనిపోయిన థెర్మోస్టాటు ఇంజనును మరగించును. తీసినచో ఆ పూటకు బండి నడచును. కాని చెడిన కావలివానికి మందు మంచి కావలివాడే. కావలి మానుట కాదు.

చక్రముల మీది ఇల్లు

సినిమా తారలు షూటింగులకు తెచ్చుకొను కారవాన్ నేడు తెలుగువారందరికి తెలిసినదే. ఐరోపా, అమెరికాలలో సామాన్య కుటుంబములు కూడ ఇట్టి బండ్లలో ప్రయాణము చేయుదురు. జర్మనీలో ట్రూమా కంపెనీ 1961లో కారవాన్‌ల కొరకు గ్యాసు హీటరును తెచ్చినది. మన లంబసింగి వంటి మన్యపు ఊళ్ళలో చలికాలపు రాత్రులు గడపువారికిని ఇట్టి హీటరు పనికి వచ్చును.

నేటి గ్యాసు హీటరు పని వరుస ఇది. థెర్మోస్టాటు 12 వోల్టుల వలయమును కలుపును. పంకా తిరుగును. ఆ గాలికి ఒక పలుచని రేకు కదలి, గాలి నిజముగా ఆడుచున్నదని తెలుపును. హీటరు మితిమీరి వేడెక్కలేదని మరొక మీట తెలుపును. అది యూర్ మహాశయుని రెండు లోహముల పట్టీయే. ఇవన్నియు సరియన్నచో గ్యాసు కవాటము తెరచుకొనును, నిప్పురవ్వ పుట్టును. కొలది సెకండ్లలో మంట కనబడకున్నచో గ్యాసు ఆగిపోవును. పాత హీటర్లలో మంటను కనిపెట్టునది రెండు లోహపు తీగల జంట. రెండు లోహముల అతుకును వేడి చేసినచో విద్యుత్తు పుట్టునని 1821లో సీబెక్ గమనించిన దానికి ఇది ఫలము.

ఇల్లు చల్లగా నున్నచో సామాన్యుడు మొదట నిందించునది గోడ మీది థెర్మోస్టాటునే. అది అన్ని వేళల న్యాయము కాదు. వరుసగా ప్రశ్నింపవలెను. పంకా తిరుగుచున్నదా? లేనిచో ఫ్యూజును, బ్యాటరీని చూడవలెను. సాధారణమైన రెండు తీగల థెర్మోస్టాటు అయినచో, దాని తీగలను ఒకదానితో ఒకటి కలిపి చూచుట మంచి పరీక్ష. అప్పుడు హీటరు నడచినచో దోషము థెర్మోస్టాటుదే. నడువనిచో అవతల వెదకవలెను. పంకా తిరిగియు మంట రాకున్నచో బ్యాటరీ నీరసించి యుండవచ్చును. పంకా మెల్లగా తిరుగును, గాలి రేకు కదలదు, హీటరు ప్రమాదమని తలచి ఆగును. ఇచ్చట తప్పు థెర్మోస్టాటుది కాదు, హీటరుది కాదు, బ్యాటరీది. రవ్వ పుట్టియు మంట రాకున్నచో గ్యాసు లేదు. మంట వచ్చి వెంటనే ఆరినచో మంటను కనిపెట్టు భాగము మసిబారి యుండవచ్చును. అన్నియు నడచియు వేడి నిలుకడగా లేకున్నచో థెర్మోస్టాటు ఉన్న చోటు చూడవలెను. వేడిగాలి గొట్టము ఎదుటనో, దీపము పక్కనో, ఎండ పడు చోటనో ఉన్న థెర్మోస్టాటు గది వేడిని కాక తన పక్కింటి వేడిని చెప్పును.

తెలిసికొనునది, నిర్ణయించునది, చేయునది - ఈ మూటిలో ఏది చెడినది? యంత్ర వైద్యము యావత్తు ఈ ప్రశ్నలోనే ఇమిడి యున్నది.

వాసన లేని విషము

హీటరు పని చేయనప్పుడు కొందరు బొగ్గుల కుంపటిని బండి లోనికి తెచ్చుకొందురు. కొందరు అద్దములు మూసికొని ఇంజను నడుచుచుండగనే నిద్రింతురు. ఇది ప్రాణాంతకము. గాలి చాలక మండిన బొగ్గు కార్బన్ మోనాక్సైడు వాయువును పుట్టించును. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తములోని హీమోగ్లోబిను ప్రాణవాయువును పట్టుకొనుదాని కంటె రెండు వందల రెట్లకు మించిన గట్టిదనముతో దీనిని పట్టుకొనును. తలనొప్పి, మగత, తరువాత మృత్యువు. నిద్రించువానికి ఆ తలనొప్పి కూడ తెలియదు. మంచి హీటరు బయటి గాలిని పీల్చి, పొగను బయటికే విడుచును. దానిలోని ప్రతి మీటయు మనిషి ప్రాణమునకు కావలి కాయుచున్నది. పని సాగుట లేదని అట్టి మీటను తప్పించి తీగలు ఎప్పటికిని ముడివేసి యుంచుట కావలివానిని కట్టివేసి నిద్రించుట వంటిది.

తరగతిలో ఒక పరీక్ష

మోటారు షెడ్డులో తీసివేసిన పాత థెర్మోస్టాటు ఒకటి సంపాదింపుడు. దాని కవాటమును కొద్దిగా తెరచి, దారపు కొస నొకదానిని ఇరికించి, నీళ్ళ గిన్నెలో అడుగు తగులకుండ వ్రేలాడదీయుడు. పక్కనే ఉష్ణమాపకమును ఉంచి నీటిని మెల్లగా కాచుడు. కవాటము తెరచుకొనగానే థెర్మోస్టాటు దారము నుండి జారి నీటిలో పడును. ఆ క్షణపు ఉష్ణోగ్రతను వ్రాసికొని, దాని మీద చెక్కిన అంకెతో పోల్చుడు. రెండును దగ్గరగా నున్నచో ఆ థెర్మోస్టాటును నిష్కారణముగా పారవేసిరన్న మాట. నీరు తెర్లుచున్నను పడకున్నచో అది నిజముగా చెడినదే.

విద్యార్థులు తాము కనుగొన్నదానిని షెడ్డు మెకానిక్కునకు చెప్పిన ఇంకను మంచిది. అతని చేతి అనుభవమునకు కొలత తోడగును; విద్యార్థుల కొలతకు అనుభవము తోడగును. థెర్మోస్టాటును ఈ స్థితికి తెచ్చిన వారిలో వడ్రంగి, రసాయన శాస్త్రజ్ఞుడు, బడి పంతులు, వాతావరణ శాఖ ఉద్యోగి అందరును ఉన్నారు గదా!